‘ముప్పావు అంటే ఎంత అంకుల్?’: విశాఖ లెక్కల టీచర్లకు ఒక కిరాణా కొట్టు నుంచి బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని బడుల ప్రధానోపాధ్యాయులకు, లెక్కలు చెప్పే టీచర్లకు నమస్కారం.

నేను కంచరపాలెంలో కిరాణా కొట్టు నడుపుతాను. కొట్టు మా నాన్న పెట్టింది. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. అంతకుముందు ఏవీఎన్ కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్ చదివాను. సి.వి. రామన్ గారి నాన్నగారు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పిన కాలేజీ అది. ఆ మాట ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. టీచరునైతే కాలేదు గానీ, ఈ చుట్టుపక్కల పిల్లలు లెక్క ఎలా చేస్తారో రోజూ దగ్గర నుంచి చూసే అవకాశం మాత్రం దక్కింది.

ఏప్రిల్ 24న సెలవులు మొదలవుతాయి. సెలవుల హోంవర్కు ఏం ఇవ్వాలో మీరు ఈపాటికే ఆలోచిస్తూ ఉంటారు. అది పిల్లల సంచుల్లోకి వెళ్లకముందే మిమ్మల్ని ఒక మాట అడుగుదామని ఈ ఉత్తరం.

పోయిన ఏడాది మే నెలలో ఒక బాబు కొట్టుకి వచ్చాడు. అప్పుడే ఏడో తరగతి పూర్తయింది. లెక్కల్లో 94 వచ్చాయని వాళ్ల నాన్నగారు అంతకు వారం ముందే నాకు సంతోషంగా చెప్పారు. "ముప్పావు కిలో బొంబాయి రవ్వ ఇమ్మంది అమ్మ" అన్నాడు. రవ్వ కిలో 48 రూపాయలు. వాడి చేతిలో వంద నోటు ఉంది. కొట్టులో వేరే బేరం లేదు కాబట్టి, "ఎంతవుతుందో నువ్వే చెప్పు నాన్నా" అన్నాను. వాడు కాసేపు నా మొహంలోకి చూసి, "ముప్పావు అంటే ఎంత అంకుల్?" అని అడిగాడు.

"త్రీ బై ఫోర్" అన్నాను. "జీరో పాయింట్ సెవెన్ ఫైవ్" అని వెంటనే చెప్పాడు, కొంచెం కూడా తడుముకోలేదు. కానీ అక్కడే ఆగిపోయాడు. దాన్ని 48తో గుణించాలని తెలుసు, చేతిలో కాగితం లేదు. సరే, అర కిలో ఎంత అని అడిగాను. 24 అన్నాడు. పావు కిలో? 12. ఆ రెండూ కలిపితే? "36!" అని కొట్టంతా వినబడేలా అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇలా కూడా చేయొచ్చా అంకుల్?" అన్నాడు.

ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. తనకు తెలిసిన సగాన్నీ, తనకు తెలిసిన పావునీ కలుపుకోవడానికి ఎవరో ఒకరు ఒప్పుకోవాలేమో అనుకున్నాడు ఆ పిల్లవాడు.

చిల్లర దగ్గర మళ్లీ అదే జరిగింది. వందలోంచి 36 తీసేయడానికి గాల్లో వేలితో రాసుకుంటూ, సున్నా పక్కన సున్నా ఉంటే ఎవరి దగ్గర అప్పు తెచ్చుకోవాలో తెలియక తికమకపడ్డాడు. మేము చిల్లర ఇచ్చేటప్పుడు అలా తీసివేయం. 36కి నాలుగు వేస్తే 40, పది వేస్తే 50, యాభై వేస్తే వంద. నాలుగు, పది, యాభై: 64. వాడి అరచేతిలో ఒక్కొక్కటే పెడుతూ చూపించాను. తీసివేతే అది, కానీ పైకి ఎక్కుతూ చేసేది. మా నాన్న నాకు నేర్పింది అదే. పూర్ణా మార్కెట్‌లో ఏ కొట్టుకెళ్లినా అదే.

వెనకటికి ఈ సాధన దానంతట అదే జరిగిపోయేది. చిల్లర తక్కువ తీసుకెళ్తే ఇంట్లో అడుగుతారని పిల్లలు నా ముందే లెక్క చూసుకునేవాళ్లు. యూపీఐ 2016లో వచ్చింది. ఇప్పుడు పిల్లలు కూడా అమ్మ ఫోనుతో వస్తారు, స్కాన్ చేస్తారు, గల్లా పక్కనున్న స్పీకరు ఎంత పడిందో చెబుతుంది, వెళ్లిపోతారు. నాకూ అది సౌకర్యమే, దాన్ని తప్పుపట్టను. కానీ దానితో పాటు పిల్లల చేతుల్లోంచి ఒకటి జారిపోయింది. అది లెక్కల సాధన అని ఎవరూ పేరు పెట్టలేదు కాబట్టి, పోయినట్టు ఎవరికీ తెలియలేదు.

ఇంకో పిల్లవాడి సంగతి చెప్పాలి. మా కొట్టులో సరుకులు తీసుకునే ఒకావిడ చేపలు అమ్ముతుంది. సెలవు రోజుల్లో తొమ్మిదేళ్ల కొడుకు ఆమె పక్కన గంప దగ్గర కూర్చుంటాడు. కిలో 280 అయితే కిలోంపావు ఎంతరా అని ఎవరైనా అడిగితే, 350 అని చెప్పి ఆ చేత్తోనే ఈగలు తోలుతాడు. ఒకరోజు వాడి ముందే ఆమె నాతో, "బాగా చలాకీ అండీ, కానీ వీడికి లెక్కలు రావంట, బళ్లో చెప్పారు" అంది. వాడు తల దించుకున్నాడు. రోజంతా లెక్కలు చేసే పిల్లవాడు, తనకు లెక్కలు రావన్న మాటను నమ్మేశాడు.

మా అమ్మాయి బీఎడ్ చదువుతోంది. ఈ సంగతి చెబితే తను ఒక పరిశోధన చూపించింది. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరికొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల్ని పరీక్షించారు. 2025లో నేచర్ పత్రికలో అచ్చయింది. బజారు పిల్లలు కూరగాయల బేరంలో కష్టమైన లెక్కల్ని నోటితోనే చేసేశారు. అదే రకం లెక్కను బడిలో ఇచ్చినట్టు అంకెలుగా రాసిస్తే చాలామంది చేయలేకపోయారు. బజారు తెలియని బడి పిల్లలు దానికి తలకిందులు: రాసిన లెక్క చేస్తారు, బేరంలోకి దింపితే తడబడతారు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1985లో, బ్రెజిల్‌లోని రెసీఫే వీధుల్లో సరుకు అమ్మే ఐదుగురు పిల్లల మీద ఇలాంటి పరిశోధనే వచ్చింది. బండి దగ్గర అడిగినప్పుడు నూటికి 98 సరైన జవాబులు. అవే అంకెల్ని ఉత్త లెక్కలుగా ఇస్తే నూటికి 37. ఒక కొబ్బరికాయ 35 అయితే పది కాయలు ఎంత అంటే, అందులో ఒక పిల్లవాడు పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు 210, ఇంకో మూడు 315, ఇంకొకటి, 350 అన్నాడు.

అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా కొట్టుకి వచ్చే 94 మార్కుల బాబు, గంప దగ్గర కూర్చునే ఆ గుంటడు, ఇద్దరూ అందులో ఉన్నారు. ఒకరికి ఉన్నది ఇంకొకరికి లేదు. ఇద్దరికీ తెలివి ఉంది. వాళ్లకు తెలిసిన రెండు లెక్కల్నీ కలిపే వంతెన ఎవరూ కట్టలేదు. ఆ వంతెన కట్టగలిగింది మీరే.

అందుకే నా విన్నపం ఇది. ఈ సెలవుల్లో లెక్కల వరకు అచ్చు వేసిన హోంవర్కు పుస్తకం ఇవ్వకండి. దాని బదులు ఒక ఖాళీ నోటు పుస్తకం ఇచ్చి, ఇంట్లో జరిగే లెక్క ఏదో ఒకటి రోజుకొకటి చేసి, ఎలా చేశారో అందులో రాయమనండి. జవాబుతో పాటు దారి కూడా రాయాలి. అచ్చు పుస్తకం జూన్ మొదటి వారంలో రెండు రాత్రులు కూర్చుని, అన్నయ్య జవాబులు చెబుతుంటే నింపేస్తారు. మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ పుస్తకాలు కొనడానికి వచ్చే తల్లిదండ్రులకూ తెలుసు.

ఇంట్లో అన్ని లెక్కలు ఎక్కడున్నాయి అని మీరు అడగొచ్చు. మే నెలలో ఆవకాయ పెట్టని ఇల్లు మన దగ్గర ఎన్ని? ఆవపిండి, కారం, కల్లుప్పు నా దగ్గరే కొంటారు కాబట్టి ప్రతి ఇంటి కొలతా నాకు కొంచెం కొంచెం తెలుసు. మా ఇంట్లో నాలుగు గిన్నెల ముక్కకు గిన్నె ఆవపిండి, గిన్నె కారం, ముప్పావు గిన్నె ఉప్పు, గిన్నెన్నర నూనె. పోయిన ఏడాది ముక్కలు పది గిన్నెలు వచ్చాయి. మా చెల్లెలి కూతురు ఆరో తరగతి, సెలవులకు మా ఇంట్లోనే ఉంది. లెక్క తనకి అప్పగించాం. నాలుగుకి ఒకటైతే ఎనిమిదికి రెండు, మిగతా రెండుకి అర, కాబట్టి ఆవపిండి రెండున్నర. కారమూ అంతే. ఉప్పు దగ్గర ఆగిపోయింది. ముప్పావు, ముప్పావు కలిపితే ఒకటిన్నర. ఇంకో ముప్పావులో సగం కావాలి. ముప్పావులో సగం ఎంత? కాగితం మీద గిన్నె బొమ్మ గీసి, ఎనిమిది గీతలు పెట్టి, మూడు గీతలు అని తేల్చింది. మొత్తం రెండు గిన్నెలకు ఎనిమిదో వంతు తక్కువ. అంత కచ్చితంగా ఉప్పు ఎలా కొలవాలి అని బెంగపడింది. మా అమ్మ నవ్వి, "రెండో గిన్నె కొంచెం వెలితిగా పొయ్యి తల్లీ" అంది.

ఆ ఒక్క మధ్యాహ్నం ఆ పిల్లకి నిష్పత్తి వచ్చింది, భిన్నాల గుణకారం వచ్చింది, ఎక్కడ కచ్చితంగా ఉండాలో ఎక్కడ సుమారుగా సరిపెట్టుకోవచ్చో కూడా వచ్చింది. ఆ మూడోది ఏ వర్క్‌షీట్లోనూ నేను చూడలేదు. జాడీ మీద తన పేరు రాసుకుంది. ఇప్పటికీ ఫోను చేస్తే ముందు ఊరగాయ ఎలా ఉందని అడుగుతుంది.

మా అమ్మ దగ్గర ఇంకా పాత కొలతలు ఉన్నాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఊరిని బట్టి కొంచెం మారతాయి. మరి కుంచానికి ఎన్ని గిద్దలు? ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉన్న పిల్లలైతే బియ్యం పోసి చూసుకోవచ్చు. మన అప్పన్న సంగతే తీసుకోండి. అక్షయ తృతీయకు సింహాచలంలో చందనోత్సవం. ఆ రాత్రి స్వామికి మూడు మణుగుల చందనం సమర్పిస్తారు, పేపర్లో దాన్ని 125 కిలోలని రాస్తారు. ఇలా ఏడాదిలో నాలుగు విడతలు. అయితే మొత్తం ఎన్ని మణుగులు, ఎన్ని కిలోలు? ఒక్క మణుగు ఎన్ని కిలోలు? కొండకి దర్శనానికి వెళ్లే దారిలో, బస్సులో కూర్చుని చేసుకునే లెక్క ఇది.

రోజులు లెక్కపెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేట నిషేధం. హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. అది ఎన్ని రోజులు? చాలామంది పిల్లలు 60 అంటారు, ఎందుకంటే తేదీ నుంచి తేదీని తీసేస్తారు. ఏప్రిల్‌లో 16, మేలో 31, జూన్‌లో 14, మొత్తం 61. మొదటి రోజునీ చివరి రోజునీ రెండింటినీ కలుపుకోవాలి. ఈ పొరపాటు పెద్దవాళ్లు కూడా చేస్తారు, నా ఖాతా పుస్తకంలో పాల ప్యాకెట్ల బాకీ దగ్గర నెలకోసారైనా ఈ పేచీ వస్తుంది. చేపల గంప పిల్లవాడికి మాత్రం ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ 61 రోజులూ వాళ్లింట్లో ఎలా గడుస్తాయో వాడికి తెలుసు.

మన సెలవులనే లెక్కపెట్టమనండి. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 7, 31, 11. మొత్తం 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు.

పెద్ద తరగతుల పిల్లలకి కరెంటు మీటరు అప్పగించండి. ఒక్క కరెంటు బిల్లులో ఎంత లెక్క ఉందో! మన దగ్గర ఇంటి కరెంటుకి మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, ఆపైన 225 వరకు 6 రూపాయలు, ఇలా పెరుగుతుంది. నెలకి వంద యూనిట్లు కాలితే 57, 135, 112.50 కలిపి 304.50. అదే 130 కాలితే 447. మిగతా ఛార్జీలు వేరే. వంద మీద ముప్పై యూనిట్లు పెరిగితే డబ్బు కూడా అదే వంతున పెరగాలి కదా, ఎందుకు ఎక్కువ పెరిగింది? దీనికి జవాబు వెతికిన పిల్లవాడికి రేపు ఆదాయపు పన్ను స్లాబులు ఎవరూ చెప్పక్కర్లేదు. 75 వాట్ల ఫ్యాను ఎంతసేపు తిరిగితే ఒక యూనిట్ అవుతుందో కూడా తేల్చమనండి. పదమూడు గంటల ఇరవై నిమిషాలు. మా పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయికి ఇది చెప్పాక, ఎవరూ లేని గదిలో ఫ్యాను ఆపడం తన బాధ్యతగా పెట్టుకుంది.

ఊరికి వెళ్లే పిల్లలకి టైము లెక్క ఉంది. 8.40కి కాంప్లెక్స్‌లో బస్సెక్కి 10.15కి భీమిలిలో దిగితే ఎంతసేపు ప్రయాణం? "1.75" అని రాసిన పిల్లల్ని చూశాను. గంటకి అరవై నిమిషాలని వాళ్లకి తెలియక కాదు, చుక్క కనబడగానే చెయ్యి వందలోకి వెళ్లిపోతుంది. అరకు వెళ్లే కిరండోల్ రైలెక్కితే కిటికీ పక్కనే లెక్క. ప్రతి స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. శిమిలిగూడ బోర్డు మీద 996.32 మీటర్లు. స్టేషన్ స్టేషన్‌కీ రాసుకుంటూ పోతే రైలు ఎక్కడ ఎంత ఎక్కిందో తెలుస్తుంది, అరకు వచ్చేసరికి అంకె ఎందుకు తగ్గిందో ఆలోచిస్తారు.

మా కొట్టులో అయితే ప్యాకెట్లే ఉన్నాయి. ఎమ్మార్పీ పక్కన గ్రాముకి ఎంతో కూడా ముద్రించాలని నిబంధన ఉంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది, పెద్దలు చూడరు. పిల్లలకి ఆ అక్షరాలు బాగా కనబడతాయి. పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ చవకా? కాదు. ఏది చవకో వెతికి అమ్మకి చెప్పమనండి.

ఇక్కడ కొన్ని భయాలు నాకూ ఉన్నాయి, అవి చెప్పకుండా ఉండలేను. ఇది కూడా పరీక్షైపోతే పిల్లలకి ఇంకో టెన్షన్ తయారవుతుంది. దుకాణం ముందు నిలబెట్టి "చెప్పు, చెప్పు, ఇంత చదివి ఇది రాదా" అనే తండ్రుల్ని చూశాను. ఆ పిల్లలు మళ్లీ నా కొట్టు మెట్టెక్కలేదు. దయచేసి తల్లిదండ్రుల మీటింగులో ఒక్క మాట చెప్పండి: తప్పు లెక్క వల్ల ఇరవై రూపాయలు పోతే పోనివ్వండి, పిల్లల్ని బజార్లో తిట్టకండి. ఇంకొకటి, వంటింటి లెక్క ఆడపిల్లకి, బజారు లెక్క మగపిల్లవాడికి అని పంచేస్తారు. ఇద్దరికీ రెండూ ఇవ్వాలి. పగటి ఎండలో పంపకండి, ఉదయం ఎనిమిది లోపో సాయంత్రం ఐదు తర్వాతో చాలు. అలాగే ఇది పిల్లల చేత పని చేయించడానికి సాకు కాకూడదు. రోజుకి ఒక అరగంట, ఒక లెక్క. మిగతా పూటంతా ఆడుకోనివ్వాలి.

అన్నిటికంటే ముఖ్యం జూన్ 12. బడి తెరిచిన మొదటి వారం మీ చేతుల్లో ఉంటుంది. ఆ నోటు పుస్తకాలు తెప్పించండి. సంతకం పెట్టి పక్కన పెట్టేస్తే ఈ శ్రమంతా వృథా. ఒక్కో పిల్లవాడి చేత ఒక్కో లెక్క బోర్డు మీద చేయించండి, తను చేసిన దారిలోనే. దాని పక్కనే మీ పుస్తకంలోని దారి రాయండి. 36 నుంచి వందకి ఎక్కే దారి ఒక పక్క, అప్పు తెచ్చుకునే తీసివేత ఇంకో పక్క. అర, పావు కలిపిన దారి ఒక పక్క, 0.75ని 48తో గుణించిన దారి ఇంకో పక్క. రెండింటికీ ఒకే జవాబు ఎందుకు వచ్చిందో పిల్లల్నే చెప్పమనండి. నేను అడిగే వంతెన ఇదే. ఇల్లు ఎంత సాధన చేయించినా ఈ పని ఇల్లు చేయలేదు, నాలాంటి కొట్టువాడు అసలే చేయలేడు. టీచరే చేయాలి.

ఆ రోజు గంప దగ్గరి పిల్లవాడి లాంటివాళ్లని ముందుగా పిలవండి. కిలోంపావు లెక్క వాడి చేత చేయించండి. వాడు నోటితో చేసిందాన్ని మీరు అంకెల్లో రాసి, "నువ్వు చేసింది ఇదే" అని వాడికి చూపించండి. 280లో పావు 70, రెండూ కలిపితే 350. అది లెక్కేనని, అది తనదేనని వాడు మీ నోటి నుంచి వినాలి. నేను చెబితే నమ్మడు, చెప్పి చూశాను.

నా వంతుగా నేను చేయగలిగింది ఒకటుంది. సెలవులు ఉన్నన్నాళ్లూ సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు, మా కొట్టుకి నోట్లు, చిల్లర పట్టుకుని వచ్చే పిల్లలకి ముందు సరుకు ఇస్తాను. లెక్క వాళ్లే చేస్తారు. ఎంతసేపు పట్టినా ఆగుతాను, తప్పొస్తే మళ్లీ చేయిస్తాను. వెనకాల నిలబడ్డ పెద్దలకి నేనే సర్దిచెబుతాను. పాత తక్కెడ, 50 గ్రాముల నుంచి 2 కిలోల దాకా ఇనప రాళ్లు అటక మీద ఉన్నాయి, అవి కిందికి దింపి కడిగిస్తున్నాను. అమ్మకాలకి వాడను, పిల్లలు ఆడుకోవడానికే. 500 గ్రాముల రాయి, 100, 50 రాళ్లు మాత్రమే ఉంటే 350 గ్రాముల కందిపప్పు ఎలా తూచాలో వాళ్లనే కనుక్కోమంటాను. మా వీధిలో ఇంకో ఇద్దరు కొట్టువాళ్లు తామూ చేస్తామన్నారు. రైతు బజార్లలో ధరల బోర్డు ఎలాగూ ఉంటుంది. అక్కడి రైతులు కూడా పిల్లల కోసం కాస్త ఓపిక పడితే ఈ ఊళ్లో ప్రతి పేటలోనూ ఒక చోటు ఉంటుంది.

మీరు ఒప్పుకుంటే ఒక్క పని చేయండి. సెలవులిచ్చే రోజున, చివరి పీరియడ్‌లో, పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: ముప్పావు అంటే ఎంత? ఎంతమంది చెయ్యెత్తుతారో చూసి, ఏ హోంవర్కు ఇవ్వాలో అప్పుడు నిర్ణయించండి.

గౌరవంతో,
ఒక కిరాణా కొట్టు యజమాని,
కంచరపాలెం, విశాఖపట్నం